సభాకంపంలో సభ వాటా

నలుగురి ముందు నిలబడి మాట్లాడవలసి వచ్చినప్పుడు గొంతు తడి ఆరిపోవడం, గుండె దడదడలాడడం, చేతిలోని కాగితం వణకడం, క్షుణ్ణంగా తెలిసిన విషయం కూడా ఆ క్షణంలో గుర్తుకు రాకపోవడం వంటి లక్షణాలన్నింటినీ కలిపి సభాకంపం అంటారు. దీనిని గురించి చెప్పేవారిలో ఎక్కువమంది ఇది మాట్లాడే మనిషిలోని లోపమనీ, ఆ లోపాన్ని అతడే ఒంటరిగా దిద్దుకోవాలనీ తలచి, ఊపిరి గురించీ సాధన గురించీ కొన్ని సలహాలు చెప్పి ముగిస్తారు. ఆ సలహాలలో నిజం ఉంది కాని, అది సగం నిజమే. వణికేది వక్త శరీరమే అయినా, ఆ వణుకుకు కారణం వక్తకూ సభకూ మధ్య ఉన్న సంబంధంలో ఉంటుంది కనుక, దానిని పోగొట్టే బాధ్యతలోనూ ఇరుపక్షాలకూ వాటా ఉండాలి. ఈ ప్రతిపాదన ఎంతవరకు నిలుస్తుందో సంవాద రూపంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంవాదానికి ఎంచుకున్న చోటు హైదరాబాదు పాతనగరంలోని మూసీ దక్షిణపు గట్టు. 1908 సెప్టెంబరు వరద తరువాత కొత్త రూపు దిద్దుకున్న ఆ గట్టు మీద 1920లో హైకోర్టు భవనం ప్రారంభమైంది. ఇక్కడ మాట్లాడే ఇద్దరూ కల్పిత వ్యక్తులు. సీనియర్ ఆ కోర్టులోనే జీవితమంతా వాదించిన వృద్ధ న్యాయవాది. జూనియర్ శాలిబండలో పెరిగి, ఇంట్లో తెలుగు, గల్లీలో దక్కనీ, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడుతూ వచ్చి, ఇటీవలే నల్లకోటు వేసుకున్న యువతి. రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం హైకోర్టు వ్యవహారం ఇంగ్లీషులో జరుగుతుంది కాబట్టి, ఆమె ఏ భాషలో ఆలోచించినా వాదన మాత్రం ఇంగ్లీషులోనే వినిపించాలి.

జూనియర్: సార్, కేసు కట్టంతా చదివి, ఏ పేజీలో ఏముందో అడిగిన వెంటనే చెప్పగలిగిన మనిషి కూడా, బెంచి ముందు కేసు పిలవగానే మొదటి వాక్యమే మరచిపోవడం కనిపిస్తూ ఉంటుంది. అది తెలియకపోవడం వల్ల వచ్చినది కాదు. అలాంటప్పుడు దానిని పిరికితనం అనాలా?

సీనియర్: పేరు పెట్టే ముందు లక్షణాలు చూడాలమ్మా. నాట్యశాస్త్రంలో భరతుడు ఎనిమిది సాత్త్విక భావాలను చెప్పాడు: కదలిక ఆగిపోయే స్తంభం, చెమట పట్టే స్వేదం, ఒళ్లు గగుర్పొడిచే రోమాంచం, గొంతు మారిపోయే స్వరభేదం, వణికించే వేపథువు, ముఖం రంగు మారే వైవర్ణ్యం, కన్నీరు, స్పృహ తప్పే ప్రళయం. సభలో కొత్తగా నిలబడినవారిలో కనిపించేవి దాదాపు ఇవే. మనస్సు ఒక విషయంలో పూర్తిగా లగ్నమైనప్పుడే ఇవి పుడతాయనీ, మనసు పెట్టనివాడికి ఇవి సిద్ధించవనీ ఆయన అభిప్రాయం. ఆధునిక శరీరశాస్త్రం కూడా దీనికి విరుద్ధం కాదు. ముఖ్యమైనదేదో ఎదురైందని మెదడు గుర్తించగానే, మూత్రపిండాల పైన ఉండే గ్రంథులు అడ్రినలిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. దానితో గుండె వేగం పెరిగి, కండరాలకు రక్తం ఎక్కువగా అందుతుంది. నోరు ఎండిపోవడం కూడా ఈ అప్రమత్తతలో భాగమే. కాబట్టి వణుకు మనిషి పనికిరాడనడానికి సాక్ష్యం కాదు. చేయబోయే పనిని అతడు తేలికగా తీసుకోలేదనడానికి సాక్ష్యం.

జూనియర్: కాని ప్రమాదం ఉన్నచోట శరీరం సిద్ధపడితే అర్థం ఉంది. కోర్టు హాలులో ప్రాణానికి వచ్చిన ముప్పేమీ లేదు కదా, సార్. లేని ప్రమాదానికి ఇంత కంపం ఎందుకు?

సీనియర్: అరిస్టాటిల్ తన అలంకారశాస్త్ర గ్రంథంలో భయాన్నీ లజ్జనూ వేరువేరుగా వివరించాడు. రాబోయే కీడును ఊహించుకోవడం వల్ల కలిగే బాధ భయం. ఎవరి అభిప్రాయానికి విలువ ఇస్తామో వారి ఎదుట చులకన అవుతామనే బాధ లజ్జ. సభాకంపంలో మొదటిదాని కంటే రెండవదే ఎక్కువ. అందుకే "ఇక్కడ నిన్ను ఎవరూ ఏమీ చేయరు" అనే ఓదార్పు పని చేయదు. ఆ మాట భయానికి మందు, లజ్జకు కాదు. లజ్జ తగ్గాలంటే, ఎదుట ఉన్నవారు చులకన చేయరనే నమ్మకం కలగాలి, ఆ నమ్మకాన్ని వక్త ఒక్కడే తయారు చేసుకోలేడు.

జూనియర్: అలా అయితే ఇతరుల అభిప్రాయాన్ని లెక్కచేయకపోవడమే మార్గం కాదా? లజ్జకు మూలం అహంకారమని, దానిని వదిలితే కంపం కూడా వదులుతుందని పెద్దలు చెబుతుంటారు.

సీనియర్: శ్రోతలను లెక్కచేయనివాడు శ్రోతలతో మాట్లాడడు, వారి ముందు శబ్దం చేస్తాడు. రోమన్ వక్త సిసిరో, క్రీస్తుపూర్వం 55లో వక్తృత్వంపై రాసిన సంవాద గ్రంథంలో, ఆనాటి మహావక్త క్రాసస్ చేత తన కంపాన్ని ఒప్పించాడు: ప్రసంగం మొదలుపెట్టేటప్పుడు ముఖం పాలిపోతుందనీ, శరీరమంతా వణుకుతుందనీ. మంచి వక్తకు ఈ బాధ ఎక్కువే ఉంటుందని ఆ గ్రంథం అభిప్రాయం. కాబట్టి వదలవలసింది శ్రోతల మీది గౌరవాన్ని కాదు. వారు ప్రతి వణుకునూ పట్టిపట్టి చూస్తున్నారనే భ్రమను. కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో, వక్తలు తమ ఆందోళన శ్రోతలకు ఎంత కనిపిస్తుందని అనుకుంటారో నిజానికి అంత కనిపించదని తేలింది. ఆ సంగతి ముందే తెలిసిన వక్తలు, తెలియనివారి కంటే మెరుగ్గా మాట్లాడారు. లోపలి తుఫాను బయటికి చిన్న గాలిగానే కనిపిస్తుందని తెలుసుకోవడం కూడా ఒక చికిత్సే.

జూనియర్: పట్టుదల ఉంటే దేనినైనా జయించవచ్చని చెప్పడానికి గాంధీని ఉదాహరణగా చూపుతారు. అక్కడ సభ పాత్ర ఏముంది?

సీనియర్: ఆ ఉదాహరణనే వివరంగా చూడాలమ్మా. గాంధీ 1891లో లండను విడిచి వచ్చే ముందు మిత్రులకు ఇచ్చిన విందులో ఒక్క వాక్యానికి మించి మాట్లాడలేకపోయాడు. తరువాత బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తొలి కేసులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, తల తిరిగినట్లయి, ఒక్క ప్రశ్న కూడా అడగలేక కూర్చుండిపోయి, తీసుకున్న ముప్పై రూపాయల ఫీజు తిరిగి ఇచ్చాడు. అదే మనిషి 1893లో దక్షిణాఫ్రికా వెళ్లి, ప్రిటోరియాలో భారతీయ వర్తకుల సమావేశంలో వ్యాపారంలో సత్యాన్ని పాటించడం గురించి తన తొలి బహిరంగ ప్రసంగం చేశాడు. ఈ కొద్దికాలంలో స్వభావం మారిపోయిందనుకోవడం కష్టం. మారినవి రెండు. చెప్పవలసిన విషయం ఆయనకు తన పరువు కంటే పెద్దదైంది. వినేవారు ఆయన వాక్చాతుర్యాన్ని తూకం వేయడానికి కాక, తమ కష్టసుఖాల గురించి వినడానికి వచ్చారు. విషయం వక్త వాటా, వినడం సభ వాటా. రెండూ కుదిరినచోట మాట నడిచింది.

జూనియర్: ఈ నగరంలో అలాంటి సాక్ష్యం ఉందా?

సీనియర్: దీనికి విరుద్ధమైన సాక్ష్యం, అంటే సభ తన వాటాను నిర్వర్తించని సందర్భం, మూసీకి అవతలి ఒడ్డునే జరిగింది. 1921 నవంబరులో వివేకవర్ధిని థియేటరులో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది; మహర్షి కర్వే అధ్యక్షుడు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ప్రసంగాలు సజావుగా సాగాయి. న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావు లేచి తెలుగులో మాట్లాడబోగా, సభలో కొందరు ఎగతాళి చేసి, గోలతో ఆయనను సాగనివ్వలేదు. తెలుగువారు అధిక సంఖ్యలో ఉన్న రాజ్యపు రాజధానిలోనే తెలుగు మాట నవ్వులపాలైంది.

జూనియర్: కాని, సార్, అది సభాకంపం కాదు. ఆయన వణకలేదు, లేచి మాట్లాడాడు. ఆయనను ఆపింది గోల. అవమానాన్నీ కంపాన్నీ ఒకటి చేయడం సరైన తర్కమేనా?

సీనియర్: ఆక్షేపణ న్యాయమైనదే. ఆయన పడినది అవమానం. అయితే ఆ అవమానాన్ని చూస్తూ కూర్చున్న మరొక తెలుగు మనిషి సంగతి ఆలోచించాలి. రేపు అదే వేదిక మీదికి అతడిని పిలిస్తే, గోల మొదలుకాక ముందే అతని గొంతు ఆరిపోతుంది. నిన్నటి సభ చేసిన హేళనే రేపటి వక్తలో కంపంగా మిగులుతుంది. తరగతిలో పిల్లవాడి యాసను చూసి ఒకసారి అందరూ నవ్వితే, ఆ నవ్వు వినిన పిల్లలు కూడా నోరు విప్పడానికి జంకుతారు. సభాకంపంలో ఎంతో భాగం ఇలా ఇతరుల అవమానం నుంచి సంక్రమించినది. సంక్రమించిన దానిని వ్యక్తి లోపమనడం అన్యాయం.

జూనియర్: ఒక మాట ఉచ్చారణ తప్పిందని క్యాంటీనులో నవ్వే తోటివారు గుర్తొచ్చినప్పుడు, మీరన్నది ఎంత నిజమో తెలుస్తోంది. మరి 1921లో ఆ అవమానానికి జవాబు ఏమిటి?

సీనియర్: అక్కడి తెలుగువారు వేంకటరామారావుకు ధైర్యం నేర్పే పని పెట్టుకోలేదు, ఆయన మాట వినే సభను కట్టారు. ఆ రాత్రే కొద్దిమంది టేకుమాల రంగారావు ఇంట్లో చేరి ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. మాడపాటి హనుమంతరావు వంటివారు దానిని పెంచారు. సభ జరపాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయిన కాలంలో, ఆ సంఘం కృషితో 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. దానితో పాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళల సభ కూడా జరిగింది. అంతకు తొమ్మిదేళ్ల ముందు ఒక న్యాయవాదిని సాగనివ్వని భాషలో ఒక స్త్రీ అధ్యక్ష పీఠం నుంచి మాట్లాడగలిగిందంటే, మారింది మనుషుల నాడీమండలం కాదు, సభ.

జూనియర్: మాట వినే సభ ఎలా ఉంటుందో నియమంగా చెప్పగలమా?

సీనియర్: పాతనగరం వారికి ముషాయిరా, అంటే ఉర్దూ కవుల సభ, తెలుసు. 1591లో ఈ నగరానికి పునాది వేసిన కులీ కుతుబ్‌షా స్వయంగా దక్కనీ కవి. ముషాయిరాలో చిన్నవారు ముందు చదువుతారు, ఉస్తాదులు చివర చదువుతారు. కవి మొదటి పాదం చదవగానే శ్రోతలు దానిని అందుకుని తిరిగి పలుకుతారు. దీనిని మిస్రా ఎత్తడం అంటారు. నచ్చినచోట 'ముకర్రర్' అని మళ్లీ చదవమంటారు. కొత్త కవికి ఊపిరి తీసుకునే వ్యవధి ఈ మర్యాదలోనే దొరుకుతుంది. మాటను సగం దూరం సభే మోస్తుంది.

జూనియర్: హైకోర్టు బెంచి మిస్రా ఎత్తదు కదా, సార్. అది ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంది.

సీనియర్: కఠినమైన సభ వేరు, హేళన చేసే సభ వేరు. తెలుగువారి అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నించేవారు, అవధానిని నలువైపుల నుంచి పరీక్షిస్తారు. వారిలో అప్రస్తుత ప్రసంగి పనే ఏకాగ్రతను చెదరగొట్టడం. అయినా అక్కడ అవమానం లేదు. ఎందుకంటే ప్రశ్న అవధాని పాండిత్యాన్ని వెలికి తీయడానికి, అతని పుట్టుకనో యాసనో ఎత్తిపొడవడానికి కాదు. న్యాయమూర్తి ప్రశ్నను పృచ్ఛకుని ప్రశ్నగా స్వీకరించాలి. అది వాదన మీద వచ్చినది, మనిషి మీద వచ్చినది కాదు. సమాధానం వెంటనే తోచకపోతే, కాగితం చూసి చెబుతానని అడగడంలో చిన్నతనం లేదు.

జూనియర్: సభ మారేదాకా వక్త ఏం చేయాలి?

సీనియర్: తన వాటా తాను చేయాలి. ఆందోళన మొదటి నిమిషంలో ఎక్కువగా ఉండి, మాట సాగుతున్నకొద్దీ తగ్గుతుంది కాబట్టి, మొదటి రెండు వాక్యాలు నోటికి వచ్చి ఉండాలి. మిగిలినదానికి క్రమం తెలిస్తే చాలు. అంతా కంఠస్థం చేస్తే ఒక్క ప్రశ్నకే గొలుసు తెగిపోతుంది. తేదీలు ఒక కాగితం మీద వరుసగా రాసి ఉంచుకోవాలి. లేచే ముందు ఊపిరి నిదానంగా, దీర్ఘంగా వదలాలి. నిశ్వాసం సాగినప్పుడు గుండె వేగం కొంత నెమ్మదిస్తుంది. అన్నిటి కంటే ముఖ్యమైనది క్రమాభ్యాసం, అంటే చిన్న సభ నుంచి పెద్ద సభకు మెట్టు మెట్టుగా వెళ్లడం. పురానీ హవేలీ సివిల్ కోర్టులో వాయిదా కోరడంతో మొదలుపెట్టి, చిన్న దరఖాస్తు మీద మాట్లాడి, ఆ తరువాత వాదనకు నిలబడాలి. కోర్టు బయట లాల్‌దర్వాజ బోనాల కమిటీ సమావేశంలో జమాఖర్చులు చదివి వినిపించడం కూడా సాధనే. కంపం పూర్తిగా పోయేదాకా ఆగితే ఎవరూ ఎన్నడూ మాట్లాడరు. కంపంతోనే మాట్లాడడం నేర్చుకున్నవారికి అది క్రమంగా అడ్డు కాకుండా పోతుంది.

ఈ సంవాదం వల్ల తేలేది ఇది. సభాకంపం పిరికితనం కాదు. తాను గౌరవించేవారి ఎదుట చులకన అవుతానేమోననే బాధ. ఆ బాధలో వక్త తగ్గించుకోగల భాగం ఉంది, దానికి సిద్ధపాటూ క్రమాభ్యాసమూ విషయం మీది శ్రద్ధా సాధనాలు. వక్త ఎంత సాధన చేసినా తగ్గించలేని భాగం మరొకటి ఉంది, అది సభ చేతిలో ఉంటుంది. 1921 నుంచి 1930 వరకు సాగిన చరిత్ర ఈ రెండవ భాగానికి తిరుగులేని నిదర్శనం.

కాబట్టి ఈ విషయంలో విజ్ఞప్తి చేయవలసింది వణికేవారికి మాత్రమే కాదు. తరగతిలో ఉపాధ్యాయులు, కోర్టులో సీనియర్లు, సంఘాలలో పెద్దలు, ఇంటిలో తల్లిదండ్రులు ప్రతిరోజూ ఎవరో ఒకరికి సభగా కూర్చుంటారు. ఎదుటి మనిషి వాక్యం మధ్యలో ఆగినప్పుడు తొందరపెట్టకుండా వేచి ఉండడం, యాసను చూసి నవ్వేవారిని అక్కడికక్కడే వారించడం, ప్రశ్నను విషయానికి పరిమితం చేయడం వారి కర్తవ్యాలు. ఒకరికి మాట్లాడే ధైర్యం రావాలని కోరేవారు ముందుగా వినే మర్యాద నేర్చుకోవాలి.