అనగనగా అని చెప్పని కథ

భయపెట్టడం తప్పా? తప్పు కాదని నా అభిప్రాయం. దెయ్యం కథలు విని ఎంత జడుసుకున్నా, మళ్ళీ చెప్పమని మా అవ్వను మేమే అడుగుతాం. పెద్దవాళ్ళు "అనగనగా" అని మొదలుపెట్టి "కథ కంచికి, మనం ఇంటికి" అని ముగిస్తారు. ఆ రెండు మాటల మధ్య ఎంత భయం ఉన్నా ఫరవాలేదు. ఇది కథ అని చెప్పేవాళ్ళకీ తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు. మరి "అనగనగా" తీసేస్తే అది కథా, అబద్ధమా?

1999లో అమెరికాలో విడుదలైన 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' అనే సినిమా ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ. దర్శకులు డేనియల్ మైరిక్, ఎడ్వర్డో సాంచెజ్. పెద్ద నటులు లేరు, సెట్టింగులు లేవు. ముగ్గురు కొత్త నటుల చేతికే కెమెరాలు ఇచ్చి మేరీలాండ్ అడవిలోకి పంపారు. సుమారు 8 రోజులు వాళ్ళే నడుస్తూ, పరిగెత్తుతూ తీశారు. ఏం చేయాలో దర్శకులు చీటీలు రాసి పెట్టేవారు. రోజురోజుకీ తిండి తగ్గించారు. రాత్రిళ్ళు గుడారం చుట్టూ చప్పుళ్ళు చేశారు. తెర మీద బొమ్మ ఊగిపోతుంది. మంత్రగత్తె మాత్రం ఒక్కసారి కూడా కనబడదు. అయినా జనం వణికిపోయారు. కొన్ని పదుల వేల డాలర్లతో చిత్రీకరించిన సినిమా ప్రపంచమంతా కలిపి దాదాపు 25 కోట్ల డాలర్లు తెచ్చింది.

ఇంతవరకు తెలివే, మెచ్చుకోవాలి. కానీ పాత్రలకు నటుల అసలు పేర్లే పెట్టి, ఆ ముగ్గురూ నిజంగానే తప్పిపోయారని వెబ్‌సైటులోనూ కరపత్రాల్లోనూ ప్రచారం చేశారు. నటి హెదర్ డానహ్యూ తల్లికి సానుభూతి కార్డులు వచ్చాయి. కూతురు మాత్రం క్షేమంగా ఉంది!

"నమ్మించడమే కదా సినిమా పని?" అని కొందరు అడగొచ్చు. నిజమే. కానీ హాలులో నమ్మించడం వేరు, వీధిలో నమ్మించడం వేరు. హాలులోకి మనం తెలిసే వెళ్తాం. వీధిలో మన అనుమతి ఎవరూ అడగలేదు.

ఇది ఎక్కడో అమెరికా సంగతి అనుకోవడానికి వీల్లేదు. కెమెరా ఊగితే, బొమ్మ మసకగా ఉంటే, "ఇది ఎవరో కల్పించింది కాదు" అని మన మనసు నమ్మేస్తుంది. 2018లో మన దేశంలో ఫోన్లలో ఒక వీడియో తిరిగింది. మోటారు సైకిలు మీద వచ్చినవాళ్ళు ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. అసలు అది పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల భద్రత గురించి చెప్పడానికి తీసిన చిన్న చిత్రం. చివర్లో పిల్లవాణ్ణి తిరిగి దించేస్తారు. ఆ చివరి భాగాన్ని ఎవరో కోసేశారు. అంటే "కథ కంచికి" అనే మాటను కోసేశారు. పిల్లల దొంగల పుకార్లు అలా ఊరూరా పాకిన ఆ రోజుల్లోనే, కర్ణాటకలోని బీదరు జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైదరాబాదు నుంచి వచ్చిన మిత్రులను జనం తరిమి కొట్టారు. ఒకరు ప్రాణం కోల్పోయారు.

సినిమా వాళ్ళూ, ఆ వీడియో కోసినవాళ్ళూ ఒకటే అని నేను అనను. ఒకరిది వ్యాపారం, ఇంకొకరిది ద్రోహం. కానీ ఇద్దరూ వాడుకున్నది ఒక్కటే: చూసినదాన్ని నమ్మే మన అలవాటు.

కాబట్టి కథ చెప్పేవాడికి ఒక ధర్మం ఉంది: ఇది కథ అని ఏదో ఒకచోట తెలియనివ్వాలి. చూసేవాడికీ ఒకటి ఉంది: పదిమందికి పంపే ముందు దీని మొదలెక్కడ, చివరెక్కడ అని అడగాలి. కెమెరా తన ముందున్నదే చూపిస్తుంది. ముందూ వెనకా ఏం జరిగిందో మనమే కనుక్కోవాలి.