నీళ్లు దానమా, బాకీనా?

నీళ్లు అమ్ముకోవడం పాపమనే నమ్మకం మన పల్లెల్లో చాలాకాలం ఉండేది. ఎండలు ముదిరేసరికి ఊరి కూడలిలో తాటాకు పందిరి వేసి, ఇసుకలో కుండలు నిలిపి, దాహమన్నవాడికల్లా నీళ్లు పోసేవారు. పోసినవాడికి పుణ్యం, తాగినవాడికి ప్రాణం. ఇందులో మంచి లేదని ఎవరూ అనరు. అయితే చలివేంద్రానికి ఒక లక్షణం ఉన్నది. కుండ ఎప్పుడు కడిగారనీ, ఏ నూతి నుంచి తోడారనీ, రేపు కూడా పోస్తారా అనీ అడిగే అధికారం తాగేవాడికి లేదు. అంతా దాత చిత్తం. అడిగినవాడు కృతఘ్నుడనిపించుకుంటాడు.

ప్రభుత్వమే చలివేంద్రం పెడితే ఏమవుతుందనేది ఇక్కడ నేను పరిశీలించదలచిన ప్రశ్న. దీనికి ఉద్దానాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఉద్యానమన్న మాటే ఉద్దానమైందంటారు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలు చూసినవారికి ఆ మాట అతిశయోక్తి అనిపించదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ తోటలను కూల్చి పోయిన తర్వాత కూడా అనిపించదు. ఈ తోటల నడుమ, కొన్ని దశాబ్దాలుగా, మధుమేహమూ రక్తపు పోటూ లేని కూలీలకు, రైతులకు మూత్రపిండాలు పాడవుతున్నాయి. ఎందుకు పాడవుతున్నాయో వైద్యశాస్త్రం ఇప్పటికీ నిర్ధారణగా చెప్పలేదు. నీటిలోని సిలికా అన్నవారున్నారు, పురుగుమందులన్నవారున్నారు, ఎండలో చాకిరీ చేస్తూ చాలినన్ని నీళ్లు తాగకపోవడమన్నవారున్నారు. ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల చెరకు కూలీలలోనూ, శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రపు వరి రైతులలోనూ ఇటువంటి జబ్బే ఉన్నది. అక్కడా వాదం తెగలేదు. మూడు చోట్లా జబ్బు ఎన్నుకున్నది ఒంటి కష్టం మీద బతికేవాణ్ణే అన్న సంగతిలో మాత్రం వాదం లేదు.

నీటిదే దోషమని రుజువు కాలేదు కాబట్టి నీటి విషయంలో ప్రభుత్వానికి బాధ్యత లేదని వాదించేవారు లేకపోలేదు. ఇది తలకిందుల తర్కం. తన నూతిలో ఏమున్నదో తెలుసుకునే సాధనం రైతుకు లేదు, ప్రయోగశాల ప్రభుత్వానిది. రుజువు చేయవలసిన భారం సాధనమున్నవాడి మీద ఉంటుందిగాని జబ్బుపడినవాడి మీద ఉండదు.

ఇక వెల సంగతికి వద్దాము. 2014 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎన్టీఆర్ సుజల పథకం ప్రారంభించింది: 20 లీటర్ల శుద్ధిజలం 2 రూపాయలు. కిడ్నీ జబ్బు కేకలు పెద్దవయ్యాక ఉద్దానంలోనూ ఇటువంటి ప్లాంట్లే పెట్టారు. రెండు రూపాయలంటే ఎంత, టీ కూడా రాదు, అని అందరమూ అనుకున్నాము. కాస్త లెక్క వేద్దాము. 20 లీటర్లకు 2 రూపాయలంటే వెయ్యి లీటర్లకు 100 రూపాయలు. 2021 జనవరి నుంచి హైదరాబాదు నగరంలో ఒక్కో కుటుంబానికి నెలకు 20,000 లీటర్ల కుళాయి నీరు ఉచితంగా ఇచ్చారు. ఉద్దానపు టిన్ను రేటుతో ఆ నీళ్లకు 2,000 రూపాయలవుతుంది. ఒకటి తాగే నీరు, రెండవది వాడుకనీరు, రెండింటికీ సామ్యం లేదని ఎవరైనా అనవచ్చు. నిజమే. కాని హైదరాబాదువారు కుళాయి నీరే తాగుతారు కూడా. ఉద్దానం వారికి ఆ అదృష్టం లేకపోవడమే కదా సమస్య! తక్కువగా కనిపించే వెల తక్కువ వెల కానక్కరలేదు. చిల్లరగా కొనేవాడు ఎప్పుడూ ఎక్కువే ఇచ్చుకుంటాడు. ఇది మనకు ఉప్పు, పప్పుల విషయంలో తెలిసిన పాఠమే.

తర్వాత పెట్టుబడి వచ్చింది. 2023 డిసెంబరు 14న వైఎస్సార్ సుజలధార ప్రారంభమైంది. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని పైపుల ద్వారా ఉద్దానంలోని ఏడు మండలాలకు తెచ్చే పథకం ఇది. ఖర్చు 700 కోట్లన్నారు. ఏటా 1.12 టీఎంసీల నీరు, 807 ఊళ్లకు, అన్నారు. ఈ అంకెలు చూసి, ఇంత డబ్బు పోసిన తర్వాత ఇంకేం అడుగుతారని గదమాయించేవారున్నారు. ఇక్కడా లెక్క వేద్దాము. 1.12 టీఎంసీలంటే సుమారు 3,170 కోట్ల లీటర్లు. పైపులు 30 ఏళ్లు మన్నుతాయనుకుని, వడ్డీ వదిలేసి, 700 కోట్లను పంచితే ఏడాదికి 23 కోట్ల చిల్లర. నీరంతా నిజంగా పారితే వెయ్యి లీటర్లకు పెట్టుబడి 7 రూపాయల పైచిలుకు! కరెంటు, మనుషులు, మరమ్మతులు కలిపి దానికి రెండింతలు వేసుకున్నా టిన్ను నీళ్ల 100 రూపాయల దరిదాపులకు రాదు. ఇంత చవకైన పని ఇన్ని దశాబ్దాలు ఎందుకు ఆగినట్టు? డబ్బు లేక ఆగలేదు. ఆగినందుకు ఎవరూ ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు, అందువల్ల ఆగింది.

పైన ఇచ్చిన లెక్కలో ఒక షరతు పెట్టాను: నీరంతా నిజంగా పారితే. షరతు చిన్నదిగా కనిపిస్తుందిగాని అసలు కీలకం అక్కడే ఉన్నది. పారిందో లేదో చెప్పవలసింది ఎవరు? శిలాఫలకం మీద నాయకుల పేర్లుంటాయి; ఏ ఊరికి రోజుకు ఎన్ని లీటర్లు, మోటారు కాలిపోతే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు, మరమ్మతుకు ఏటా ఎంత సొమ్ము కేటాయించారు అన్నవి అక్కడ ఉండవు. పథకాలకు నాయకుల పేర్లు పెట్టడం ఊరికే ముఖస్తుతి కోసం కాదు. పేరు పెట్టగానే నీరు దానమవుతుంది, తాగేవాడు లబ్ధిదారుడవుతాడు. లబ్ధిదారుడన్న మాట నాకెప్పుడూ నచ్చదు. తన పన్నుతో వేసిన పైపులో తన నదినీరు పుచ్చుకునేవాడు లబ్ధి పొందడమేమిటి?

మనవారిలో చాలామంది ఇక్కడ నన్ను ఆపుతారు. నీటికి వెల కట్టడమే తప్పు, ఉచితంగా ఇవ్వాలన్నదే మన నినాదం, నువ్వు లెక్కలు వేసి వెలకు దారి తీస్తున్నావంటారు. నినాదంతో నాకు పేచీ లేదు. తాగే నీటికి పేదవాడి దగ్గర పైసా తీసుకోరాదు. కాని ఉచితం చేయడంతో మన పని అయిపోయిందనుకోవడం పొరపాటు. ఇవాళ ఉచితంగా ఇచ్చినవాడు రేపు ఉచితంగానే మానేయగలడు. వెల ఎవరి నుంచి వసూలు చేయాలన్నది ఒక ప్రశ్న; ఎవరు నిర్ణయించాలి, ఎవరికి సంజాయిషీ ఇవ్వాలన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరకగానే రెండవదాన్ని వదిలేశాము.

వదిలేయడానికి కారణం లేకపోలేదు. ఛార్జీలు నిర్ణయించే కమీషను అనగానే మనకు కరెంటు గుర్తుకొస్తుంది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం, 1999లో రెగ్యులేటరీ కమీషను, 2000లో ఛార్జీల పెంపు, ఆ ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు. ప్రపంచ బ్యాంకు అప్పు వెంట వచ్చిన కమీషను ప్రజల పక్షాన ఉంటుందని నమ్మడానికి మనం పసిపిల్లలం కాము. ఇంగ్లండు అనుభవమూ ఇదే చెబుతుంది. 1989లో అక్కడి ప్రభుత్వం నీటి సంస్థలను, వాటి అప్పులు తుడిచేసి మరీ, ప్రైవేటువారికి అమ్మింది. కాపలాకు ఆఫ్‌వాట్ అనే సంస్థను పెట్టింది. కాపలాదారు చూస్తుండగానే కంపెనీలు వాటాదారులకు లాభాలు పంచి, 60 బిలియన్ పౌండ్లకు పైగా అప్పులు చేసి, మురుగు నదుల్లోకి వదిలాయి. చివరికి 2025 జూలైలో ఆఫ్‌వాట్‌నే రద్దు చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

అయినప్పటికీ కరెంటు కమీషను నుంచి మనం నేర్చుకోదగినది ఒకటున్నది. ఏడాదికొకసారి కరెంటు సంస్థ తన ఆదాయవ్యయాలను బహిరంగంగా దాఖలు చేయాలి. ఏ రైతయినా, ఏ కార్మిక సంఘమైనా అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు, విచారణలో నిలబడి అడగవచ్చు, దానికి కాగితం మీద జవాబు రావాలి. ఆ జవాబు చాలాసార్లు అన్యాయంగానే ఉంటుంది. కాని కాగితం మీద ఉన్న అన్యాయంతో పోరాడవచ్చు. నీళ్లకు సంబంధించి 2009లోనే మన శాసనసభ జలవనరుల నియంత్రణ కమీషను చట్టం చేసింది. తాగునీటి ఖర్చు మీద, కరెంటుకు జరిగినట్టుగా, పలాసలోనో టెక్కలిలోనో బహిరంగ విచారణకు హాజరైనవారు మన పాఠకుల్లో ఎందరున్నారు?

పెట్టుబడి అనగానే 700 కోట్లే గుర్తుకు రావడం కూడా మన అలవాటు. హిరమండలం రిజర్వాయరు కింద పాడలి, తులగాం, దుగ్గుపురం వంటి ఊళ్లు పోయాయి. 2017 జనవరిలో నిర్వాసితులు పరిహారం కోసం ఆందోళనకు దిగారు. ఉద్దానం తాగే ప్రతి లోటాలోనూ వాళ్ల పొలమున్నది. ఆ పెట్టుబడిని ఏ పద్దులో రాశారు? దాని మీద వడ్డీ ఎవరికి ముడుతున్నది? నీరు దానమైతే ఈ ప్రశ్న పుట్టదు. దాత తన సొత్తే ఇచ్చాడనుకుంటాము. నీరు బాకీ అన్నప్పుడే, బాకీ తీర్చడానికి సర్కారు ఎవరి దగ్గర చేబదులు తెచ్చిందో బయటపడుతుంది.

ఇంతకూ సంజాయిషీ ఎక్కడ అడగాలి? చట్టరీత్యా తాగునీరు పంచాయితీ పని; 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణలో పదకొండవ షెడ్యూలు చదివితే తెలుస్తుంది. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ తలకు రోజుకు 55 లీటర్లని ప్రమాణం పెట్టి, ఊరి లోపలి పనుల ఖర్చులో పదోవంతు (కొండ, అటవీ, దళిత గిరిజన గ్రామాల్లో ఇరవయ్యో వంతు) ఊరే భరించాలన్నది. వాటా తీసుకున్నప్పుడు లెక్క చూపడం వ్యాపారి కూడా పాటించే మర్యాద. కాని పంచాయితీ చేతిలో ఏమున్నది? ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద జమకట్టుకున్నారని మన రాష్ట్రంలో సర్పంచులే వీధికెక్కారు. బాధ్యత ఊరికి, ఖజానా తాళం రాజధానికి: ఈ ఏర్పాటులో అడిగేవాడికీ చెప్పేవాడికీ ఎన్నడూ ఎదురుపడే అవకాశముండదు. టీచర్లూ విద్యార్థులూ ఉన్న ప్రతి ఊళ్లోనూ గ్రామసభ ఉన్నది. ఈ నెల నీటి పరీక్ష ఫలితమూ, మోటారు కరెంటు బిల్లూ, కుళాయి ఎండిపోయిన రోజుల సంఖ్యా అక్కడ పైకి చదవమని అడిగి, చదివిన కాగితం మీద అధికారి సంతకం తీసుకోవచ్చు. ఆయన సంతకం చేయనంటే, ఎందుకు చేయనన్నాడో అదీ రాసి బడి గోడ మీద అంటించవచ్చు.