కుడి బ్రేకు

మా పెరట్లో ట్రాక్టరు నిలబెట్టే చోట ఇసుక పోసి ఉండేది. కుడి చక్రం లోపలివైపు నుంచి కారే గేరాయిలు కంటికి కనబడకుండా రెండేళ్ల పాటు నేనే పోయించాను. ఇసుక నల్లబడితే ఎత్తి పారేసి కొత్తది పోసేవాళ్లం. అది శుభ్రత అనుకున్నాను.

నేను అచ్యుతాపురం సెజ్‌లో మెయింటెనెన్సు పని చేస్తాను. అక్కడ పంపు కింద ఆయిలు చుక్క కనిపిస్తే ట్యాగు కట్టాలి, టైము రాయాలి, షిఫ్టు దిగేలోగా పైవాళ్లకు చెప్పాలి. లీకు చిన్నదే కదా అని ఊరుకోవద్దని కొత్త కుర్రాళ్లకు పాఠం చెప్పేది కూడా నేనే. సాయంత్రం కొండకర్ల ఆవ వైపు మా ఊరికి బండి మీద వచ్చి, ఇంట్లో అదే చుక్క మీద ఇసుక పోయించేవాణ్ణి.

ట్రాక్టరు నాన్నగారిది, మహీంద్రా బీ-275. దాని మూలం ఇంగ్లండు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ అక్కడ తయారుచేసిన మోడలును, 1963లో ఆ కంపెనీతో చేయి కలిపిన మహీంద్రా వాళ్లు మన పొలాల్లోకి దించారు. దాని బ్రేకులు చక్రాల్లో ఉండవు. డిఫరెన్షియల్ పెట్టెకు అటూ ఇటూ బయటికొచ్చే షాఫ్టుల మీద ఉంటాయి. గోడకు అవతల గేరాయిలు, ఇవతల పొడిగా ఉండాల్సిన డిస్కులు. రెంటికీ మధ్య కాపలా ఒక్క రబ్బరు సీలు. దాని అంచు అరిగిందంటే ఆయిలు ఇవతలికొచ్చి లైనింగులోకి ఇంకుతుంది. ఆ తర్వాత పెడలు మీద నిలబడి తొక్కినా డిస్కు జారడమే గాని పట్టడం ఉండదు.

పెడళ్లు రెండు. చేలో మలుపు తిప్పేటప్పుడు విడివిడిగా తొక్కుతారు, రోడ్డెక్కితే కొక్కెం వేసి కలుపుతారు. కలిపి తొక్కినప్పుడు ఒకవైపే పడితే బండి ఆ పక్కకు లాగుతుంది. వెనక చెరకు ట్రాలీ ఉంటే ఇక చెప్పేదేముంది.

"బాబూ, కుడి బిరేకు పట్టతం నేదు" అని మా డ్రైవరు మొదటిసారి దుక్కుల రోజుల్లో చెప్పాడు. నేను రాడ్డు బిగించాను. రెండోసారి చెబితే డిస్కులు తీయించి పెట్రోలుతో కడిగించాను. నాలుగు రోజులు పనిచేసింది. ఆయిలు తాగిన లైనింగును పైపైన కడిగితే లాభం లేదు, వేడెక్కగానే లోపలిది పైకొస్తుంది. ఇది నాకు తెలియక కాదు, తెలిసే కడిగించాను. మూడోసారి "బెల్లం సీజను దాటనీ మావా" అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. చిన్న గేరులో, ఇంజను పట్టు మీదే బండిని ఆపుకోవడం నేర్చుకున్నాడు. అడగడం లేదు కాబట్టి బ్రేకు బాగానే ఉందని నేను సరిపెట్టుకున్నాను.

డబ్బు లేకా? రెండు సీళ్లూ కలిపి మూడు వందలు కాలేదు. తీరిక లేకా? ఆ ఏడాది రెండు పెళ్లిళ్లకు సెలవు పెట్టాను. నాన్నగారి రోజుల్లో అయితే సీలు కారిన పూటే విప్పేవారు. నాకంటే మంచివారని చెప్పను, కూలి దగ్గర ఆయనా గీచి గీచి బేరమాడేవారు. కానీ అప్పుడు పెడలు మీద కాలు ఆయనది. ఇప్పుడది నాది కాదు.

సంక్రాంతి ముందు, షిఫ్టు బస్సులు దిగే వేళ. చెరకుతో గానుగకు వెళ్తున్న ట్రాక్టరు, ముందు బస్సు ఆగడంతో ఆగాల్సొచ్చి ఎడమకు లాగేసింది. ఆ పక్కన సైకిలు మీద ఒకాయన. డ్రైవరు పెడలు వదిలేసి, స్టీరింగు తిప్పి, రోడ్డు పక్క కంకర కుప్పలోకి ఎక్కించి ఆపాడు. సైకిలాయన బెదిరి పడ్డాడు, మోకాలు చెక్కుకుపోయింది. నాకు ఫోనొచ్చింది. అంతా విని నేనడిగిన మొదటి మాట: "ట్రాక్టరుకేటీ అవలేదు కదా?"

ఫోనులో మా డ్రైవరు కాసేపు మాట్లాడలేదు. "ఏటీ అవనేదు బాబూ" అన్నాడు.

మర్నాడు అనకాపల్లి నుంచి మెకానిక్కు వచ్చాడు. చక్రం తీసి బ్రేకు హౌసింగు విప్పితే లోపల నల్లటి బురద. సీలు అంచు ఎండి బిరుసెక్కి ఉంది. అయితే మెకానిక్కు ముందు చూపించింది సీలు కాదు, పెట్టె పైనున్న బ్రీదరు. దుమ్మూ ఆయిలూ గట్టిపడి మూసుకుపోయింది. పెట్టె వేడెక్కితే లోపలి గాలికి దారి లేక ఆయిలును సీలు మీదికి తోస్తుందట, అది శుభ్రం చేయకుండా కొత్త సీలు వేస్తే అదీ పోతుందట. నేను ఫ్యాక్టరీలో నెలనెలా చూసే పనే అది. షాఫ్టు మీద గోరు పెట్టి గీసి చూశాడు. సన్నటి గాడి తగిలింది. కొత్త సీలు అంచు ఆ గాడిలోనే కూర్చోకుండా ఓ పిసరు జరిపి వేశాడు. స్ప్రింగు వైపు ఆయిలు దిక్కుకే ఉండాలి. షాఫ్టు పళ్లు అంచును కోయకుండా టేపు చుట్టి, గ్రీజు రాసి, గుండ్రటి పైపు పెట్టి నిదానంగా నాలుగు పక్కలా సమంగా దిగ్గొట్టాడు. ఎడమవైపుదీ మార్పించాను, లైనింగులు కొత్తవి వేయించాను. మధ్యాహ్నం భోజనాల వేళకు మొదలెడితే చీకటి పడేసరికి అయిపోయింది. రెండేళ్లు వాయిదా వేసిన పని.

సైకిలాయన ఇంటికి వెళ్లి మందుల ఖర్చు ఇచ్చి వచ్చాను. పెరట్లో ఇసుక తీసేయించాను. మా డ్రైవరుకు మాత్రం తప్పు నాదేనని ఇంతవరకూ చెప్పలేదు. ఇక్కడ రాశాను గాని, ఆయనకు చదువు రాదు.