బాకీ ఎవరిది?

కిందటి నెలలో మా కాలేజీ విద్యార్థుల చర్చా సమావేశంలో ఒక కుర్రవాడు లేచి నన్నొక ప్రశ్న వేశాడు. "మాస్టారూ, పని చేయనివాడికి తినే హక్కు లేదని మీరు ఎన్నో సభల్లో చెప్పారు. బ్రిటిష్ ప్రభుత్వం నిరుద్యోగులతో అదే మాట అంటే అది అన్యాయం ఎట్లా అయింది?" అన్నాడు. ఆ రోజు నేను తడుముకున్నాను. ఏదో సమాధానం చెప్పాను గాని, అది అతనికీ నచ్చలేదు, నాకూ నచ్చలేదు. ఇటువంటి ప్రశ్న వచ్చినప్పుడు, అడిగినవాడికి వర్గదృష్టి లేదని తోసిపుచ్చటం మనలో కొందరికి అలవాటు. ఆ అలవాటు మంచిది కాదు. ప్రశ్న న్యాయమైనది. సమాధానం కూడా న్యాయంగా ఉండాలి.

ముందు జరిగిన సంగతి చూద్దాం. 2011లో బ్రిటన్‌లో నిరుద్యోగ భృతి తీసుకునేవారిని కొన్ని శిక్షణ పథకాల్లోకి, "పని అనుభవం" పథకాల్లోకి పంపటం పెద్ద ఎత్తున మొదలైంది. అందులో ఒక పథకం కింద నాలుగు వారాలపాటు, వారానికి 30 గంటల దాకా, కూలి లేకుండా పని చేయాలి. వెళ్ళకపోతే భృతి ఆగిపోతుంది. 2012 నాటి చట్టం ప్రకారం, పదేపదే తప్పు చేశాడని తేలినవాడికి మూడేళ్ళదాకా భృతి నిలిపివేయవచ్చు. (ఈ మూడేళ్ళ శిక్షను 2019లో తగ్గించారు.)

బర్మింగ్‌హామ్‌లో భూగర్భశాస్త్రంలో పట్టా తీసుకున్న ఒక అమ్మాయి, ఉద్యోగం వెతుక్కుంటూనే ఒక మ్యూజియంలో స్వచ్ఛందంగా పని చేస్తూ ఉండేది. ఆమె ఆశ అంతా మ్యూజియంలో ఉద్యోగం మీదనే. 2011 నవంబరులో ఆ పని మానిపించి ఆమెను పౌండ్‌లాండ్ అనే చౌక సరుకుల దుకాణానికి పంపారు. వెళ్ళకపోతే భృతి పోతుందన్నారు. అక్కడ రెండు వారాలు అరల్లో సరుకు సర్దింది, నేల ఊడ్చింది. చివరకు ఉద్యోగమేమీ రాలేదు. ఇంకొక పథకం కింద, లారీ నడిపిన అనుభవమున్న ఒక కార్మికుణ్ణి ఆరు నెలలు జీతం లేకుండా పని చేయమన్నారు. అతడు చేయనన్నాడు. భృతి పోయింది. ఇద్దరూ కోర్టుకు వెళ్ళారు. ఆ పథకాల నిబంధనలు చట్టబద్ధంగా లేవని 2013 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు తేల్చింది. మరుసటి నెలలోనే ప్రభుత్వం వెనకటి తేదీలకు కూడా వర్తించే చట్టం తెచ్చింది. లేకపోతే ఆపివేసిన భృతి కింద సుమారు 13 కోట్ల పౌన్లు తిరిగి ఇచ్చుకోవలసి వచ్చేది. నిరుద్యోగి నిబంధన తప్పితే భృతి పోతుంది. ప్రభుత్వం నిబంధన తప్పితే నిబంధనే మారిపోతుంది!

అయితే, ఇది వెట్టిచాకిరీ కాదని కూడా ఆ దేశపు కోర్టులు అన్నవి. చట్టం దృష్టిలో అది సరే కావచ్చు. మన ప్రశ్న చట్టాన్ని గురించి కాదు, న్యాయాన్ని గురించి.

ఈ పథకాలను సమర్థించేవారు రెండు మాటలు చెబుతారు. ఒకటి: ఇది నిరుద్యోగి మేలుకే; పని అలవాటు తప్పినవాడికి అలవాటు చేస్తున్నాం, రానివాడికి నేర్పుతున్నాం. రెండు: సమాజం సొమ్ము తింటున్నవాడు సమాజానికి ఏదో ఒకటి తిరిగి చేయాలి.

మొదటి మాట తీసుకుందాం. 2011 చివరలో బ్రిటన్‌లో 26 లక్షలకు పైగా నిరుద్యోగులుండేవారు. ఖాళీలు మొత్తం కలిపినా అయిదు లక్షలు లేవు. అయిదుగురికి ఒక విస్తరి వేసి, మిగతా నలుగురికి అన్నం కలుపుకోవటం రాదు గనక నేర్పిస్తామన్నట్టున్నది ఇది. ఎంత నేర్పినా విస్తళ్ళు పెరగవు. నిర్బంధపు పని పథకం వల్ల ఉద్యోగాలు దొరికే అవకాశం పెరగలేదని 2012లో ఆ ప్రభుత్వ శాఖ చేయించిన పరిశీలనలోనే తేలింది. అయినా అదే ఏడాది ఆ పథకాన్ని విస్తరించారు. 2016లో గాని అది ముగియలేదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఎం.ఏ. పూర్తి చేసిన కొత్తలో నేను దాదాపు రెండేళ్ళు ఖాళీగా ఉన్నాను. ఒక ప్రైవేటు పాఠశాల యజమాని, "ఊరికే ఉండేకంటె వచ్చి పాఠాలు చెప్పు, అనుభవం వస్తుంది" అన్నాడు. ఏడు నెలలు చెప్పాను. అనుభవం వచ్చిన మాట నిజమే. కాని నేను చేరిన రెండో నెలలో, అదే తరగతులకు జీతం తీసుకుని పాఠాలు చెబుతున్న ఒక పెద్దాయనను మాన్పించారు. ఆయన ఇద్దరు ఆడపిల్లల తండ్రి. వెళ్ళిపోయేరోజున ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఊరికే పనిచేసేవాడు దొరికినప్పుడు కూలిచ్చి ఎవరు పెట్టుకుంటారు? నన్నెవరూ బలవంతం చేయలేదు. అయినప్పటికీ ఇంకొకరి కూటికి గండి కొట్టాను. అలాంటిది, ప్రభుత్వమే వేలమందిని బలవంతాన దుకాణాలకు తోలితే ఏమవుతుంది? ఒక నిరుద్యోగిని శిక్షిస్తూ ఇంకొక నిరుద్యోగిని తయారు చేయటమవుతుంది.

రెండో మాట ఇంతకంటె బలమైనది. తిన్నవాడు తిరిగి చేయాలన్నది మనమూ ఒప్పుకునే నీతే. కాని లెక్క చూడండి. ఆ రోజుల్లో 25 ఏళ్ళ లోపు నిరుద్యోగికి వారానికి 53.45 పౌన్ల భృతి. వారానికి 30 గంటల పనికి పంచితే గంటకు 1.78 పౌన్లు. 21 ఏళ్ళు నిండినవారికి 2011 అక్టోబరు నుంచి చట్టం నిర్ణయించిన కనీస వేతనం గంటకు 6.08 పౌన్లు. ఆ పని సమాజానికి కావలసినదే అయితే దానికి కూలి ఇవ్వాలి. కావలసినది కాకపోతే మనిషిచేత చేయించటం దేనికి? కూలి ఇవ్వరు, మానటానికి వీల్లేదు. అటువంటి పనిలో నేర్చుకునేది ఒక్కటే: తల వంచటం.

ఇది కొత్త నీతి కాదు. 1834లో బ్రిటన్‌లో చేసిన పేదల చట్టం దీనికి తాత. సాయం పొందేవాడి స్థితి అతి తక్కువ కూలివాడి స్థితికంటె హీనంగా ఉండాలన్నది ఆ చట్టం వెనక ఉన్న సూత్రం. అందుకే పనిశాలలు కట్టారు. ఆ సూత్రం ఓడెక్కి మన గడ్డకూ వచ్చింది. 1876-78 కరువులో బళ్ళారి, కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాలు మాడిపోతుంటే, పొదుపు చేయించటానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, 1877లో కరువు పనుల్లో ఉన్న మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, కాస్త చిల్లర చాలునన్నాడు. ఎముకలగూళ్ళు రాళ్ళు కొట్టి, తమకు నిజంగానే ఆకలిగా ఉన్నదని రుజువు చేసుకోవాలి! మద్రాసు ప్రభుత్వ పారిశుద్ధ్యాధికారి డాక్టర్ కార్నిష్ ఈ రేటును గట్టిగా వ్యతిరేకించాడు. కొద్ది నెలలకు దాన్ని పెంచక తప్పలేదు. కరువుకూ ఈనాటి భృతికీ పోలిక లేదనవచ్చు. బాధలో పోలిక లేదు, నిజమే. అనుమానంలో మాత్రం ఉన్నది. రెండుచోట్లా, లేనివాడు సోమరి కాదని తానే నిరూపించుకోవాలి.

ఇక మన నినాదం సంగతి. 1936 సోవియట్ రాజ్యాంగంలో పని చేయనివాడికి తిండి లేదన్న సూత్రం ఉన్నది. అదే రాజ్యాంగంలో పౌరుడికి జీతంతో కూడిన పని పొందే హక్కు కూడా ఉన్నది. రెండూ కలిస్తేనే ఆ సూత్రానికి అర్థం. అద్దెల మీద, వడ్డీల మీద, వారసత్వం మీద బతికేవాడిని ఉద్దేశించిన మాట అది. పనికోసం తిరిగి చెప్పులరిగినవాణ్ణి ఉద్దేశించినది కాదు.

కాని ఇక్కడితో ఆపితే నేను ఆ కుర్రవాణ్ణి మోసగించినట్టే. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో బ్రాడ్‌స్కీ అనే యువకవిని, సమాజానికి పనికొచ్చే పని చేయటంలేదన్న నేరం మోపి, కఠినమైన పనితో అయిదేళ్ళ ప్రవాసానికి పంపారు. కవిత్వం రాయటం పనికాదని తేల్చింది మన నినాదాన్ని గోడల మీద రాసుకున్న రాజ్యమే. వడ్డీలవాడికోసం పదును పెట్టిన కత్తి కవి మెడమీద పడింది. మ్యూజియంలో అమ్మాయి చేసేది పని కాదని, దుకాణంలో సరుకు సర్దటమే పనియని ఒక గుమాస్తా తేల్చటానికీ దీనికీ స్వభావంలో భేదమేమిటి? ఏది పని అని నిర్ణయించే అధికారం, అన్నం ఆపే అధికారం ఒకే చేతిలో ఉంటే, ఆ చెయ్యి ఏ జెండా పట్టుకున్నా ప్రమాదమే. ఈ మాట మనం ముందే అని ఉండవలసింది.

అయితే పని చేయవలసిన బాధ్యత లేదా? ఉన్నది. కాని అది ఎవరు ఎవరిని అడగవచ్చునో తేల్చుకోవాలి. 2005లో మన దేశంలో చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. పని అడిగినవాడికి 15 రోజుల్లో పని చూపకపోతే ప్రభుత్వమే భృతి చెల్లించాలన్న నిబంధన ఆ చట్టంలో పెట్టారు. ఆ నిబంధన ఆచరణలో చాలావరకు కాగితం మీదే మిగిలింది. కాని అందులోని నీతి చూడండి. అక్కడ భృతి దయ కాదు, పని చూపలేకపోయిన రాజ్యం కట్టవలసిన జరిమానా. బ్రిటన్‌లో జరిమానా కట్టినవాడు నిరుద్యోగి.

బాకీ ఎవరిదన్నదే అసలు ప్రశ్న. ఉత్పత్తి సాధనాలు కొద్దిమంది చేతుల్లో పెట్టి, వారికి లాభమున్నంతవరకే పని ఉంటుందనే వ్యవస్థ, పని దొరకనివాడికి బాకీ పడుతుంది. బాకీదారు వచ్చి అప్పిచ్చినవాడిచేత ఇల్లు ఊడిపించుకోవటం ఏ నీతి?

ఆ కుర్రవాడికి నా సమాధానం ఇది: నాయనా, ఆ మాట నేను ఇకముందూ చెబుతాను. అయితే సగం చెప్పను. మంచి కూలితో, కాదనే స్వేచ్ఛతో పని చూపించిన సమాజానికే ఆ మాట అనే హక్కు ఉన్నది. అప్పుడు కూడా, అన్నం గిన్నె మీద చెయ్యి వేసి అనకూడదు.