నెత్తి మీద ఒకే మడి

బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టొద్దంటారు. నా తల ఇంకా బోడి కాలేదు, ఆ దారిలో ఉంది. ముడిపెట్టడం మాత్రం అప్పుడే మొదలెట్టేశాను. వానాకాలంలో జ్వరమొచ్చింది కదా, అందుకే ఊడుతోంది. బోరు నీళ్లకి మారాం కదా, అందుకే. నాన్నకి ముప్పై అయిదేళ్లకే నుదురు నడినెత్తికెక్కిన సంగతి చిట్టచివర గుర్తొచ్చింది.

అనకాపల్లి నెహ్రూచౌక్ దగ్గర కొన్న మందుల సంచీ వారంగా బీరువా మీదే ఉంది. అందులో ఒక సీసా, అయిదు శాతం మినాక్సిడిల్. ఒక అట్ట, మిల్లీగ్రాము ఫినాస్టెరైడ్ బిళ్లలు. రెండూ కలిపి మొదలుపెట్టమని రాసిచ్చి, డాక్టరుగారు తర్వాతి టోకెను పిలిచేశారు. నాకేమో ఒకదాని తర్వాత ఒకటి వాడాలనుంది. రెండూ కలిపేశాక జుట్టు నిలబడిందనుకోండి, ఎవరి పుణ్యమని చెప్పుకోవాలి? సెలూన్‌లో ఈ మాటంటే మంగలి కత్తెర ఆపి మరీ ఒప్పుకున్నాడు: "నిజమే బాబూ. ఒకేపాలి రెండూ ఎట్టేస్తే ఏది పన్జేసిందో ఎలాగ తెలుస్తాది?"

ఈ రెండూ జుట్టు కోసం పుట్టిన మందులు కావు. మినాక్సిడిల్ రక్తపోటు మాత్ర. మింగినవాళ్లకి ఒళ్లంతా వెంట్రుకలు మొలుస్తుంటే దాన్నే నెత్తికి రాసే మందు చేశారు. అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. ఫినాస్టెరైడ్ 1992లో ప్రొస్టేట్ వాపుకి వచ్చి, 1997లో బట్టతల వైపు తిరిగింది. మొదటిది కుదుళ్లని లేపుతుంది. రెండోది వాటిని సన్నబరిచే డీహెచ్‌టీ హార్మోనుని తగ్గిస్తుంది. మా మావయ్య భాషలో ఒకటి గత్తం, ఒకటి పురుగుమందు.

మావయ్యది మునగపాక, చెరకు రైతు. అనకాపల్లి పరిశోధనా కేంద్రానికి ఆయన వెళ్లొచ్చినన్నిసార్లు నేను మా ఆఫీసుకి కూడా వెళ్లుండను. 1913 నుంచీ ఉన్న కేంద్రం అది. 87ఎ298 అనే రకం, అదే విశ్వామిత్ర, అక్కడ పుట్టిందే. నా లెక్కంతా విన్నాడు.

"ఆళ్లు ఒక రకాన్ని ఒక్క మడిలో ఏసి ఊరుకోరురా. మూడు నాలుగు సోట్ల ఏస్తారు. ఏటీ ఎయ్యని మడి ఒకటి ఒగ్గేస్తారు. నీ నెత్తి మీద మళ్లెన్ని?"

"ఒకటే."

"మరేటి సూస్తావు?"

నవ్వొచ్చింది గానీ మాట దిగింది. పొలం పరీక్షల పద్ధతికి పునాది వేసినవాళ్లలో రొనాల్డ్ ఫిషర్ ఒకడు. ఇంగ్లండులో రొథామ్‌స్టెడ్ పొలాల మీద పనిచేశాడు. ప్రకృతిని ఒకసారికి ఒక్క ప్రశ్నే అడగాలన్న పాత నియమాన్ని 1926లోనే కాదన్నాడు. నాలుగూ కలిపి పద్ధతిగా అడిగితేనే బాగా చెబుతుందన్నాడు. ఆయనకేం, బోలెడు మళ్లున్నాయి. నాకున్నది ఒక్కటి, అదీ ఏటా బీడుపడుతున్నది.

ఇంతా చేసి, ఈ ప్రశ్నని వేరేవాళ్ల తలల మీద అడగడం అయిపోయింది కూడా. 2002లో మన దేశపు వైద్యులే వందమంది మగవాళ్లని నాలుగు జట్లు చేసి ఏడాది చూశారు. మేలైన ఫలితం ఈ రెండు మందులూ కలిపి వాడినవాళ్లది. నా తల సంగతి నాకు విడిగా తెలియాలన్నది వట్టి అహంకారం.

పోనీ ఒకటొకటిగానే వాడతాను. తెలుస్తుందా? తల మీద దాదాపు లక్ష వెంట్రుకలుంటే దేని జాతకం దానిదే. ఒక్కోటీ రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది, మూణ్ణెల్లు ఊరికే ఉంటుంది, రాలుతుంది. ఈ పూట దువ్వెనలో కనిపించినది రాలాలని తేలి మూణ్ణెల్లయింది. జ్వరం తగిలిన దెబ్బ కూడా రెండు మూణ్ణెల్లకే బయటపడుతుంది. సీసా మందు గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆర్నెల్లు, బిళ్లకీ ఇంచుమించు అంతే. రెండిటికీ విడివిడిగా తీర్పు చెప్పాలంటే ఏడాది పోతుంది, ఆ ఏడాదిలో ఇంకో జ్వరం రాదని హామీ లేదు. జాగ్రత్తగా, శాస్త్రీయంగా, మళ్లీ మోకాలికే ముడి. శంకరం దగ్గర బొజ్జన్నకొండ మీద బతికిన భిక్షువులు ఈ తలనొప్పిని ఒక్క మంగలికత్తితో తీర్చేసుకున్నారు. నాకంత వైరాగ్యం లేదు.

ఒక్కటి మాత్రం తేల్చుకున్నాను. మెప్పు ఎవరిదో తేలడానికి ఆర్నెల్లు కావాలి, తప్పు ఎవరిదో తేలడానికి చాలాసార్లు అన్నాళ్లు పట్టదు. సీసా పడకపోతే నెత్తి దురద మొదటి వారాల్లోనే చెబుతుంది. బిళ్ల కొద్దిమందిలో కోరికని తగ్గిస్తుంది, మనసుని దిగాలు చేస్తుంది. అది వచ్చిన రోజున నా వేలు సీసా వైపు పోకూడదు. అందుకని డాక్టరుగారికి చెప్పే, మధ్యలో నెల్లాళ్ల ఎడం పెట్టాను. ముందు సీసా. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఏం చేస్తారో వాళ్లిష్టం, జుట్టంటూ నిలిస్తే చెరిసగం పంచుకుంటారు. కమతానికి బెల్లం బాగా దిగిన ఏడు మావయ్య వానకెంత, ఎరువుకెంత అని వాటాలు వెయ్యడు. ఒక దిమ్మ తీసుకెళ్లి నూకాలమ్మ గుళ్లో ఇచ్చేస్తాడు.

రోజుకి రెండుసార్లు, మిల్లీలీటరు చొప్పున, ఫిల్లర్ చివర బొట్టు కణత మీదికి జారకుండా తల వంచి రాసుకుంటున్నాను. పద్దెనిమిదో రోజున మావయ్య ఫోను.

"ఏటిరా, మొలిసిందా?"

"ఇంకా ఎక్కువ ఊడుతోంది మావయ్యా. మొదట్లో అలాగే ఉంటుందట."

"ఉండదేటి మరి. కార్శి తోటలో మోళ్లు నేలమట్టానికి సెక్కేసినాకే కదా మంచి పిలకలొచ్చేది."

బోడిగుండుకీ చెరకు మోడుకీ ముడి పెట్టేశాడు. భుజం మీది తువ్వాలు తీసి కిటికీలోంచి దులిపాను.