ఊరికే

తెలుగులో 'ఊరికే' అన్నది భలే మాట. ఊరికే ఇచ్చారంటే డబ్బు పుచ్చుకోకుండా ఇచ్చారని. ఊరికే కూర్చున్నానంటే పనీపాటా లేకుండా కూర్చున్నానని. సెల్‌ఫోన్లో పాటలు వినటానికీ, వీడియోలు చూడటానికీ, ఫొటోలు నలుగురికీ పంచటానికీ ఉచితంగా వచ్చే యాప్‌లున్నాయి చూశారూ, వాటికి ఈ రెండర్థాలూ చక్కగా అతుకుతాయి. ఊరికే వస్తాయి, మనం ఊరికే కూర్చున్నప్పుడు పనికొస్తాయి.

మా సత్యనారాయణపురం వీధిలో ఇప్పుడు చీరలు తెచ్చే ఆవిడకంటే కొత్త యాప్ కబురు తెచ్చే ఆవిడకే గిరాకీ. "ఇది వేసుకోండి పిన్నిగారూ, పైసా ఖర్చులేదు. మీ ఫొటోకి పాట కూడా అదే తగిలిస్తుంది" అంటారు. నేనూ వేసుకుంటాను, నాకేం సరదాలు లేవా! పాట స్పష్టంగా ఉందా, బొమ్మ మధ్యలో ఆగుతోందా, ప్రకటనలు ఎన్నిసార్లు అడ్డొస్తున్నాయి అని అందరం చూస్తాం. నాకు మాత్రం వీటన్నిటికంటే ముందు ఇంకో ప్రశ్న వస్తుంది. ఊరికే ఇచ్చేవాడికి ఎలా గిడుతోందీ అని.

ఇదివరకూ ఇలాంటివి లేకపోలేదు. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. పాటకింత అని ఎవరూ వసూలు చెయ్యలేదుగానీ రేడియోకి లైసెన్సు ఉండేది, పోస్టాఫీసుకి వెళ్ళి డబ్బు కట్టాలి. వారపత్రిక ఆ ధరకి చేతికొచ్చేదంటే కొబ్బరినూనె వాళ్ళూ సబ్బుల వాళ్ళూ ప్రకటనలిచ్చి కొంత బరువు మోసేవాళ్ళు కాబట్టే. కానీ ఒక తేడా ఉంది. ఆ ప్రకటనని నేను చూశాను, అది నన్ను చూడలేదు. సీరియల్లో ఏ పేజీ దగ్గర కళ్ళు తుడుచుకున్నానో, ఏ పేజీ తిప్పేసి వంటింట్లోకి వెళ్ళానో కొబ్బరినూనె కంపెనీకి తెలీదు. యాప్‌కి తెలుసు! ఏ వీడియో దగ్గర ఎన్ని క్షణాలు ఆగానో అది లెక్క రాసుకుంటుంది. తరవాత ఏం చూపించాలో, ఏ వస్తువు నాకు అంటగట్టాలో ఆ లెక్కే చెబుతుంది.

వాట్సాప్ సంగతే చూడండి. మొదట్లో ప్రకటనలు వెయ్యమని పంతం పట్టిన కంపెనీ అది. ఏడాదికి సుమారు ఒక డాలరు చందా పెట్టుకుంది. 2014లో ఫేస్‌బుక్ దాన్ని కొన్నది, 2016లో చందా ఎత్తేశారు, 2025 జూన్‌లో స్టేటస్‌ల మధ్య ప్రకటనలు వస్తాయని చెప్పారు. ఖర్చు ఎక్కడికీ పోదు కదా, ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారుతుందంతే.

అలాగని వీటిని ఈసడించటం నాకు చేతకాదు. పొలం గట్టుమీద, పాకముందు నిలబడి టిక్‌టాక్‌లో డైలాగులు చెప్పిన ఆడవాళ్ళు మన డెల్టాలో ఎంతమంది లేరు! స్టేజీ ఎక్కనిస్తామని వాళ్ళని అంతకుముందు పిలిచిందెవరు? 2020 జూన్ 29న దేశభద్రత కారణం చెప్పి ప్రభుత్వం 59 చైనా యాప్‌లని నిషేధించింది, టిక్‌టాక్ కూడా వాటిలో ఉంది. నిషేధం మంచిచెడ్డలు అటుంచి, పోగుచేసుకున్న మెచ్చుకోళ్ళూ, చూసే జనమూ ఉన్నపళంగా పోయాయి. అద్దె ఇంట్లో పెంచుకున్న మల్లెపాదులాంటిది. పూలు మనవే, నేల మనది కాదు.

"అయినా మన దగ్గర దాచుకోవలసిందేముంది అక్కయ్యా?" అంటుంది పక్కింటావిడ. నిజమే. నా చూపులూ, నా సరదాలూ నావి, ఇచ్చుకుంటే నా ఇష్టం. చిక్కల్లా నావి కానివాటితో. కొన్ని యాప్‌లు అడుగు పెట్టగానే ఫోన్లో ఉన్న పేర్లూ నంబర్లూ ఇమ్మంటాయి. పాటలు వినిపించే దానికి నా నంబర్లతో ఏం పని? వంటమనిషి బీరువా తాళాలడిగినట్టు! ఆ నంబర్లలో పాలబ్బాయి ఉన్నాడు, గుడివాడ ఆడపడుచుగారున్నారు, మా అమ్మాయి పురుడు పోసిన డాక్టరమ్మ ఉంది. శ్రావణమాసం పేరంటంలో వాయనం ఇచ్చేవాళ్ళు ఇస్తున్నామంటారు, పుచ్చుకునేవాళ్ళు పుచ్చుకుంటున్నామంటారు, పళ్ళెంలో సెనగలెన్నో తమలపాకులెన్నో ఇద్దరికీ కనిపిస్తూనే ఉంటాయి. ఇక్కడ పేజీలకి పేజీలు ఇంగ్లీషు చదవకుండా 'అంగీకరిస్తున్నాను' అని నొక్కేది నేను, పళ్ళెంలో పోయేది వాళ్ళ సొమ్ము. వాళ్ళు పేరంటానికే రాలేదు! ఎరువు తెచ్చుకున్న పట్టుచీరని ఇంకొకళ్ళకి ఎరువివ్వటం మర్యాదేనా?

అందుకని నేను యాప్‌ని ఎంచేటప్పుడు అది ఏమిస్తుందో కాక ఏమడుగుతుందో ముందు చూస్తాను. ప్లే స్టోర్‌లో 2022 నుంచి 'డేటా సేఫ్టీ' అని ఒక భాగం పెట్టారు, ఏమేం తీసుకుంటారో అందులో ఉంటుంది. అయితే అది రాసేది యాప్ తయారుచేసినవాళ్ళే, పిల్లవాడి గుణగణాలు పిల్లవాడి తండ్రి చెప్పినట్టు. ఆమాటకి ఆమాట తీసేసి చదువుకోవాలి. నంబర్లు అడిగితే 'వద్దు' అని నొక్కి చూస్తాను. చాలావరకు పాట ఆగదు. ఆగిందా, ఆ యాప్‌కి సెలవు.

నంబర్ల సంగతి తేలికే. పిల్లల ముఖాల సంగతి అలా తేలదు. భోగినాడు పిల్లలకి దిష్టి తగలకుండా రేగిపళ్ళూ, చెరకుముక్కలూ, చిల్లరా కలిపి నెత్తిన పోస్తాం. పోసిన పది నిమిషాలకి ఆ వీడియో ఊరికే చూపిస్తాం, అంటే ఊరందరికీ. ఇది మూడో అర్థం! 2023లో పార్లమెంటు చేసిన డేటా రక్షణ చట్టం, పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల వివరాలు కంపెనీ వాడుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలంటోంది. మంచిదే. కానీ ఒప్పుకోవలసిన తల్లే ముందుగా వీడియో పెట్టేస్తుంటే చట్టం ఏం చేస్తుంది? పోయిన సంక్రాంతికి మా మేనకోడలితో ఈ మాటే అన్నాను. మూడేళ్ళ పిల్లకి ఇప్పుడు తెలీదు సరే, పదహారేళ్ళప్పుడు తన ఏడుపుముఖం వెయ్యిమంది చూశారంటే ఏమంటుంది? మేనకోడలు నవ్వలేదు, కోప్పడలేదు. "అయితే అవనిగడ్డలో అమ్మమ్మకి ఎలా చూపించనత్తా? ఆవిడ కదల్లేదుగా" అంది.

అది నన్నడగవలసిన ప్రశ్నే. అమ్మమ్మ ఒక్కదానికీ పంపమన్నాను, అదీ ఉచితపు వాట్సాప్‌లోనే. లోపలి మాటా బొమ్మా కంపెనీకి కూడా కనపడకుండా 2016 నుంచి తాళం వేస్తున్నారు కదా, ఆమాత్రం ధైర్యంతో. వెయ్యిమంది మెచ్చుకోలు వదులుకోవటం మేనకోడలికి కష్టంగానే ఉందని ముఖం చూస్తే తెలిసింది. అయినా పంపింది. అరగంటకి అవనిగడ్డ నుంచి జవాబు వచ్చింది. వీడియో నాలుగుసార్లు చూశారట, పిల్లకి చెవులమీదికి జుట్టు పడుతోంది, ఎవరూ దువ్వలేదేమని అడిగారు.