పాతపొరుగు - పరామర్శ

పొరుగు విడిచినను పొరుగుతనము విడుచునా? మాక్లూర్ వంటి గ్రామమున ఒక గోడకు ఇరువైపుల ఇరువదియేండ్లు బ్రతికిన రెండు కుటుంబములను తలచుకొందము. అందొక యింటివారు జీవనోపాధికై బోధన్ శక్కర్‌నగర్‌లో 1937న స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారమునకు పోయిరి. 2015 డిసెంబరులో అది మూతపడగా అచటినుండియు చెదరిరి. ఆ యింటి పెద్దాయన లింగైక్యమైన వార్త మాక్లూరునకు చేరుసరికి రెండు మాసములు గడచినవి. “దినములు దాటినవి గదా, మానుచున్న పుండును రేపుటేల” యని పాతపొరుగువాడు వెనుకాడును. ఈ వెనుకాటులో సగము దయ, సగము సిగ్గు.

దినముల లెక్క మైలనుండి పుట్టినది. జనన, మరణ, రజస్, ఉచ్ఛిష్ట, జాతి సూతకములైదింటిని బసవేశ్వరుని మార్గము అంగీకరింపదు. మైలయే లేనపుడు అది తీరు దినమును లేదు. గడువు దాటినదనుట వీరశైవునకు చెల్లని సాకు.

అంతకంటె కఠినమైన ప్రశ్న వేఱొకటి కలదు. లింగైక్యము శోకింపదగినది కాదు గదా, ఓదార్పెందులకు? “శివునిలో కలిసినాడు, ఏడువరాదు” అని గడపకడనే ముగించి మరలువారు కలరు. మాట తప్పు కాదు. పలికిన చోటు తప్పు. తండ్రిని కూర్చుండబెట్టి, విభూతి బిల్వపత్రములతో సమాధి చేసిన కుమారుడు ఆ సత్యమెఱుగనివాడు కాడు. అయినను ఇంటిలో ఆయన పీట ఖాళీగనే యున్నది.

తెలంగాణమున పరామర్శను ‘మందలించుట’ యందురు. కోస్తా జిల్లాలలో ఆ మాటకు చీవాట్లు పెట్టుట యని యర్థము. ఇచట మంచిచెడ్డలు విచారించుట. మందల యనగా సంగతి. పాతపొరుగువాని కడనే మిగిలిన సంగతులు కొన్ని యుండును: కోడెవయసున ఆయన చెరకుబండి తోలిన తీరు, వానలు లేనియేట గోడమీదుగా అందించిన చల్లచెంబు, అప్పు తీర్చలేక తలవంచుకొని నడచిన దినములు. కన్నబిడ్డలకును తెలియని తండ్రి ఆ జ్ఞాపకమున నున్నాడు. దానిని ఫోనులో రెండు ముక్కలతో ముగింప వీలు లేదు. తనవద్దనే దాచుకొన హక్కును లేదు. మరి ఆ గోడకొఱకే ఒకనాడు వచ్చిన తగవు? తప్పు తనదైనచో చెప్పవలెను. పోయినవానిదైనచో ఆ ప్రసక్తి అచట అక్కఱలేదు.

చావుయింటినుండి లేచునపుడు “పోయివత్తును” అనరాదని లోకాచారము, చెప్పకయే కదలిపోవుదురు. ఆ భయమును మైలకు చుట్టమే. వీరశైవుడు గడప దిగుచు ఆ మాట అనవచ్చును. అనినచో, చెరకు నఱకుట ముగియగనే మరల వెళ్లవలసి యుండును.